సవరణ

ఆరున్నరకే ఫోను.
మాతొజీన్యుష్ రేవులో
పడవలింకా చేపల్ని దించుతూనే ఉన్నాయి.
"చూశావా?" అన్నాడు యజమాని.
చూశాను.
నాలుగో పేజీ, కుడివైపు, మడతకి పైన.
మడతకి పైనా కిందా అని చూడటం
పత్రిక వదిలి పదకొండేళ్లయినా
వదలని జబ్బు నాకు.

సార్డీన్ల ఫ్యాక్టరీ. శీతల గది.
లోపలి గడియ విరిగి ఉంది.
అల్బెర్తీన, యాభై ఎనిమిదేళ్ల మనిషి,
మూడు గంటల నలభై నిమిషాలు
ఐసు పెట్టెల మధ్య నిలబడి తలుపు కొట్టింది.
బయట డబ్బాల యంత్రం హోరు.
ఆ హోరుని పోయినేడాది కరపత్రంలో
"వందేళ్ల లయ" అని పొగిడింది నేనే.
ఎడమచేతి రెండు వేళ్లకి
స్పర్శ ఇంకా రాలేదట.

వార్త వస్తోందని ముందురోజే తెలుసు.
రాత్రి కూర్చుని ప్రకటన రాశాను.
"పొరపాటు చేశాం" అని మొదలైంది.
వకీలు ఫౌష్టీను ఎర్ర పెన్నుతో
"చేశాం" కొట్టేసి "జరిగింది" పెట్టాడు.
ఎంత చక్కని క్రియ!
వాన పడ్డట్టు, పొద్దు గూకినట్టు
దానంతటదే జరుగుతుంది,
వెనక ఎవరూ ఉండరు.
తర్వాత పొరపాటు పోయి ఘటన వచ్చింది.
క్షమించమనడం పోయి విచారం వచ్చింది.
ఏడో ప్రతికి అల్బెర్తీన పేరూ పోయింది.
"సిబ్బందిలో ఒకరు."
ఆమె మీద మళ్లీ తలుపేసినట్టు.

నేను అబద్ధాలాడతాననుకోకండి.
నిజానికి కుర్చీ ఎక్కడ వెయ్యాలో చూస్తాను,
వెలుతురు దాని ఏ చెంప మీద పడాలో చూస్తాను, అంతే.
నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టు,
నోరు చేసుకుంటే
గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.
ఆ రెంటి మధ్య ఇరుకు సందులో
నా జీతం, ఇంటద్దె,
మా అమ్మాయి వయొలిన్ ఫీజు.

పదింటికి సమావేశం. కాఫీలు చల్లారుతున్నాయి.
యజమాని కొడుకు అబీలియు బల్ల గుద్దాడు:
"దొరికాడు! గడియ విరిగి రెండు నెలలని రాశాడు.
పోయిన వారమే విరిగిందని ఫోర్‌మన్ అంటున్నాడు.
సవరణ వెయ్యమను, మొదటి పేజీలో!"
బల్ల చుట్టూ ముఖాలు ఒక్కసారి వెలిగాయి.
మా విద్యలో ఓనమాలు అవే మరి,
ఒక్క వెంట్రుక దొరకబుచ్చుకో,
వార్త మొత్తం లాగిపారెయ్.

మరమ్మతుల రిజిస్టరు నా ఒళ్లో ఉంది.
నీలం అట్ట, నూనె మరకలు,
ఎంత ఆరబెట్టినా పోని చేపల నీచు.
ఫిబ్రవరిలో ఒకసారి: గడియ విరిగింది.
ఏప్రిల్లో: గడియ ఇంకా అలాగే ఉంది.
జూన్‌లో అదే మాట, కింద రెండు గీతలతో.
మూడుసార్లూ ఒకే చేతిరాత,
ఒకే పొడి సంతకం: అల్బెర్తీన.
ఇది సెప్టెంబరు.
రెండు నెలలన్నది తప్పే.
ఏడు నెలలు.

తలెత్తితే ఫౌష్టీను నన్నే చూస్తున్నాడు.
అట్ట ముయ్యమని
నోటితో ఒక్క ముక్క అనలేదు.

మధ్యాహ్నం టెల్మూ ఫోన్ చేశాడు, ఆ వార్త రాసినవాడు.
ఒకప్పుడు మా ఇద్దరిదీ ఒకటే బల్ల.
తన పేరు కింద ఒక అంకె తప్పు పడితే
వారం రోజులు అన్నం సహించేది కాదు అతనికి.
"ఈల్డా, మీవాళ్లు సవరణ అడుగుతున్నారట.
వాళ్ల సంగతి సరే,
నువ్వు చెప్పు.
నేను రాసినదాంట్లో తప్పుందా?"

రేవులో ఏదో ఓడ కూత పెట్టింది.
జూన్ పేజీ తెరిచే ఉంది.
కాగితం చిరిగేంత గట్టిగా గీసిన రెండు గీతలు.
వేళ్లు పదీ పనిచేసే రోజుల్లో గీసినవి.

"ఉంది" అన్నాను.
"రాసుకో."